గోపాలకులు చూసిన శివుడు

ఈ సంక్రాంతికి అమ్మ బెంగళూరు వచ్చింది. సాయంత్రం గవిపురం వెళ్దామంది, గవి గంగాధరేశ్వర స్వామి గుడికి. గవి అంటే గుహ. కన్నడిగులకూ మనకూ అదే మాట. మా వైపు ఉరవకొండలో గవిమఠం ఉంది కాబట్టి అమ్మకు పేరు కొత్తగా అనిపించలేదు.

నాలుగున్నరకే చేరుకున్నా లోపల కాలు పెట్టే చోటు లేదు. బయట పెట్టిన స్క్రీన్ ముందే నిలబడ్డాం.

మామూలు రోజుల్లో ఈ గుడికి చాలాసార్లు వచ్చాను. ప్రదక్షిణ చేయాలంటే రాతి కప్పు కింద నడుం బాగా వంచాలి. ఒక్కోసారి వీపుకు రాయి చల్లగా తగులుతుంది. ఎంతటివాడైనా అక్కడ వంగాల్సిందే. ఇక్కడ గర్భగుడిని ఎవరూ పేర్చి కట్టలేదు, ఉన్న కొండలోనే స్వామిని చూసుకున్నారు. 16వ శతాబ్దంలో, బెంగళూరు నగరాన్ని కట్టించిన కెంపేగౌడ ఈ గుడిని బాగుచేయించాడని చెబుతారు. ముంగిట్లో సూర్యపాన, చంద్రపాన అని రెండు పెద్ద రాతి చక్రాలు ఎత్తుగా నిలబడి ఉంటాయి.

సంక్రాంతి నాడు పొద్దు వాలేటప్పుడు ఎండ కమాను గుండా వచ్చి, నంది కొమ్ముల మధ్య నుంచి సాగి, గుహలోని లింగాన్ని తాకుతుంది. కొన్ని నిమిషాలే. డిసెంబరు 21 ప్రాంతంలో దక్షిణపు కొసకు చేరిన సూర్యుడు, వెనక్కి తిరిగి వస్తూ జనవరి నడుమకు ఈ చోటికి వస్తాడు. అటు పోయేటప్పుడు కూడా ఇదే చోటు దాటాలి కదా! అందుకే నవంబరు చివర్లోనూ ఆ వెలుగు లోపలికి వస్తుంది. దానికి పండగ పేరు లేదంతే.

కొండ కదలదు, సూర్యుడు ఆగడు. ఆ రెండూ కలిసే దారి పట్టుకోవడానికి ఎవరెవరు ఎన్ని సాయంత్రాలు ఈ బండ మీద కూర్చున్నారో. నాకు అదే మొదటి పూజ అనిపిస్తుంది. అభిషేకం, హారతి ఆ తర్వాతివే.

నాన్న సోమవారాలు రుద్రం చదివేవారు. అందులో ఒక మాట: "ఉతైనం గోపా అదృశన్నదృశన్నుదహార్యః". ఆకాశంలో ఎర్రగా సాగిపోయే ఆ నీలకంఠుణ్ణి ఆవుల కాపరులు చూశారు, నీళ్ళు మోసే ఆడవాళ్ళు చూశారు. ఆ వెంటనే, సమస్త ప్రాణులూ చూశాయంటుంది. ముందు చెప్పింది మాత్రం పొద్దంతా ఆరుబయట పనిచేసుకునేవాళ్ళ గురించే. చిన్నప్పుడు విన్నప్పుడు ఇది పట్టించుకోలేదు.

ఐదు దాటాక స్క్రీన్ మీద సన్నటి వెలుగు మెల్లగా పాకింది. గంటలు మోగాయి. జనం "హర హర మహాదేవ" అంటూ ఫోన్లు పైకెత్తారు. మా పక్కన మూర పూలు కొలుస్తున్న ఆమె చెయ్యి ఆపి, స్క్రీన్ వైపు కాకుండా పడమటి వైపు తిరిగి దండం పెట్టుకుంది. అమ్మ ఆమెను చూసి తనూ అటు తిరిగింది. ఎండ నేరుగా ఇద్దరి ముఖాల మీద పడుతోంది.