జలుబే, కానీ 2020లో

2020 నవంబరులో కర్నూలులో ఒక పారాసిటమాల్ షీటు కొనాలంటే మందుల షాపులో పేరు, ఫోను నంబరు రాయించాల్సి వచ్చేది. అంతకుముందు వేసవిలో రాష్ట్రంలో ఎక్కువ కేసులు వచ్చిన జిల్లాల్లో మాదీ ఒకటి. వీధికి అడ్డంగా కట్టిన కర్రలు, రెడ్ జోన్ బ్యానర్లు ఎవరూ మరిచిపోలేదు. అందుకే మా అబ్బాయికి ముక్కు కారడం మొదలై, వెంటనే నాకూ గొంతు గరగరలాడగానే, మావారు వేరే పేటలోని షాపుకు వెళ్తానన్నారు. వద్దన్నాను. దాచడానికి మనమేం దొంగతనం చేశాం?

మందుల విషయంలో దీన్ని జలుబుగానే చూద్దాం, మనుషులకు దూరంగా ఉండే విషయంలో మాత్రం పరీక్ష తేల్చేదాకా కరోనా అనే అనుకుందాం అని నిర్ణయించుకున్నాం. మా అత్తయ్యకు డెబ్బై దాటాయి, షుగరు కూడా ఉంది. నేనూ పిల్లవాడూ వెనక గదిలో, ఆవిడ ముందు గదిలో. అన్ని కిటికీలూ బార్లా తెరిచాం. గుమ్మంలోంచే కథ చెప్పమని మనవడు, మాస్కుతో కథ ఎలా చెప్పనురా అని ఆవిడ.

జ్వరం వస్తే పారాసిటమాల్. పిల్లవాడికి డాక్టరు ఫోనులో బరువు అడిగి చెప్పిన మోతాదు మాత్రమే. పక్కింటివాళ్లు అజిత్రోమైసిన్ వేసెయ్యమన్నారు. వైరస్ వల్ల వచ్చే జలుబుకు యాంటీబయాటిక్ ఎందుకు? మరిగే నీళ్ల గిన్నె ముందు పిల్లవాణ్ని కూర్చోబెట్టి ఆవిరి పట్టే పనీ పెట్టుకోలేదు; ఒళ్లు కాలితే అది ఇంకో జబ్బు. ఉప్పునీటి పుక్కిలింత, మిరియాల చారు, వేడన్నం, నిద్ర, అంతే. ఆ ఏడాది ఊరంతా కషాయాలు తాగి కడుపులో మంట తెచ్చుకుంది, ఆ మాట ఎవరూ ఒప్పుకోరు గానీ.

అసలు భయం అత్తయ్యకు కాఫీ వాసన తెలియనప్పుడు పట్టుకుంది. ముక్కు దిబ్బడ వేసినా వాసన తెలియదు, కరోనాలో దిబ్బడ లేకుండానే పోవచ్చు. ఆవిడకు దిబ్బడ ఉంది. కాబట్టి ఏదైనా కావచ్చు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటరు వేలికి పెడితే మొదట 91 చూపించింది, నా గుండె జారింది. చేతులు మంచులా ఉన్నాయి. రుద్ది వేడిచేసి మళ్లీ పెడితే 97. చల్లటి వేళ్లకూ, గోళ్ల రంగుకూ అది తప్పు చూపిస్తుందని ఆ తర్వాత అందరికీ చెప్పాను. 94 కంటే తగ్గితే ఆస్పత్రికే అని డాక్టరు ముందే చెప్పి ఉంచారు.

పరీక్ష కేంద్రంలో దగ్గేవాళ్లనూ, ప్రయాణానికి కాగితం కావాల్సినవాళ్లనూ ఒకే వరుసలో నిలబెట్టారు. ఎవరి తెలివో! ర్యాపిడ్ పరీక్షలో నెగటివ్ వచ్చింది. లక్షణాలు ఉండగా ర్యాపిడ్ నెగటివ్‌ను నమ్మి ఊరుకోకూడదు, ల్యాబులో చేసే ఆర్టీపీసీఆర్ పరీక్ష చేయాలన్నది అప్పట్లో దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ పెట్టిన నియమం. గుర్తుచేసి మరీ చేయించుకున్నాం. అదీ అందరికీ నెగటివే.

మెసేజ్ చూసిన మరుక్షణం అత్తయ్య పుష్కరాల ఊసెత్తారు. తుంగభద్ర పుష్కరాలు నవంబరు 20న మొదలయ్యాయి, నదిలో మునక వద్దని ప్రభుత్వం చెప్పింది. నెత్తిన నీళ్లు చల్లుకుని వస్తానని ఆవిడ, దగ్గు తగ్గేదాకా జనంలోకి వద్దని మేము. "మళ్లీ 2032లోనేగా, అప్పటిదాకా ఉంటానో లేదో" అని అలిగారు. మావారు సంకల్‌బాగ్ ఘాటు నుంచి సీసాలో నీళ్లు తెచ్చిచ్చారు. ఆవిడ సీసా పైకెత్తి అటూ ఇటూ చూసి, "కాచి చల్లుకుంటే పుణ్యం తగ్గుతుందంటావా?" అని నన్నే అడిగారు.