అవుట్‌లుక్ తీసి థండర్‌బర్డ్ పెట్టాం, పాత మెయిల్ ఒక్కటీ పోలేదు

మెయిల్ ప్రోగ్రామ్ మారుద్దాం అనగానే కొట్లో ఉన్నోళ్ళందరూ ఎందుకంత కంగారు పడతారంటే, వాళ్ళకి అవుట్‌లుక్ అంటేనే మెయిల్, అది తీసేస్తే మెయిల్సన్నీ పోయినట్టే లెక్క. మా బాబాయిది గుంటూరులో మిర్చి కమీషన్ కొట్టు, దాంతో పాటు కొద్దిగా ఎక్స్‌పోర్ట్ కూడా ఉంది, కొలంబో పార్టీలు, చెన్నై క్లియరింగ్ ఏజెంటు, షిప్పింగ్ వాళ్ళు, బ్యాంకు, అందరూ ఒకే ఐడీకి మెయిల్ కొడతారు. ఆ ఐడీ బిల్లు బుక్కుల మీద, కొట్టు బోర్డు మీద, విజిటింగ్ కార్డుల మీద అచ్చేయించి ఉంది. "ఏరా, ఐడీ మారిపోద్దా?" అని బాబాయి, "పాత ఇన్వాయిస్‌లు ఉంటయ్యా బాబూ?" అని గుమాస్తా గారు.

ఐడీ మారదు. మన డొమైన్‌కి (ఐడీలో @ తర్వాత ఉండే పేరు) వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కి పోవాలో చెప్పేది ఎంఎక్స్ రికార్డు, అది డొమైన్ సెట్టింగ్స్‌లో ఉంటది, మనం సిస్టమ్‌లో ఏ ప్రోగ్రామ్ వాడుకున్నా దానికి సంబంధం లేదు. పాత ఇన్వాయిస్‌ల ప్రశ్న మాత్రం గుమాస్తా గారు కరెక్ట్‌గా అడిగారు, అసలు కథంతా అక్కడే ఉంది.

ఇంతకీ ఎందుకు మార్చాల్సొచ్చిందంటే, కొట్లో సిస్టమ్ విండోస్ 10, అందులో అవుట్‌లుక్ 2016. ఆ రెండిటికీ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, ఇంక మామూలుగా సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. ఎల్‌సీలు (ఎక్స్‌పోర్ట్ డబ్బులకి బ్యాంకులిచ్చే హామీ పత్రాలు), బ్యాంకు మెయిల్స్ నడిచే చోట అది మంచిది కాదు. కొత్త సిస్టమ్ కొన్నాక అవుట్‌లుక్ కోసం మళ్ళీ మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌కి డబ్బులెందుకని ఫ్రీగా వచ్చే థండర్‌బర్డ్ పెడదామనుకున్నాం. మే నెలలో మిర్చి యార్డుకి సెలవులు ఇచ్చాక మొదలుపెట్టా, అప్పుడైతే మెయిల్స్ పలచగా ఉంటాయి, సీజన్ మధ్యలో ఇలాంటి పని ముట్టుకుంటే బాబాయి నన్ను యార్డు చుట్టూ పరిగెత్తిస్తాడు.

కొత్తది ఇన్‌స్టాల్ చేసేముందు చూడాల్సింది ఒక్కటే, మెయిల్స్ అసలు ఎక్కడున్నాయి అని. పాత అవుట్‌లుక్‌లో అకౌంట్ సెట్టింగ్స్ తెరిస్తే పాప్ అని గానీ ఐమాప్ అని గానీ ఉంటది. ఐమాప్ అంటే సరుకు కోల్డ్ స్టోరేజీలోనే ఉంటది, మనం కొట్లో కూర్చుని చూసుకుంటాం. పాప్ అంటే టిక్కీలన్నీ (మిర్చి బస్తాలు) లారీకెత్తించి కొట్లో దించేసుకోవడం. (పోలిక పూర్తిగా కుదరదు, ఐమాప్‌లో కొట్లో డిలీట్ కొడితే అక్కడ సర్వర్‌లో కూడా పోద్ది.) మీది ఐమాప్ అయితే, లేదా జీమెయిల్ లాంటిదైతే, దాదాపు పనేం లేదు, కొత్త ప్రోగ్రామ్‌లో ఐడీ పాస్‌వర్డ్ ఇస్తే ఫోల్డర్లతో సహా వచ్చేస్తాయి. మాది పాప్.

ఇంకా నమ్మకం కుదరకపోతే బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి చూడండి. మేం చూస్తే సరిగ్గా రెండు వారాల మెయిల్సే ఉన్నాయి, సెంట్ ఫోల్డర్‌లో కొట్టు నుంచి పంపిందేదీ లేదు. ఎందుకంటే అవుట్‌లుక్‌లో పాప్ అకౌంట్‌కి అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో, సర్వర్‌లో కాపీ ఉంచు అనే టిక్కు కింద, 14 రోజుల తర్వాత తీసెయ్ అనే టిక్కు ఇంకోటి ఉంటది, అది ఆన్‌లో ఉంది. "ఫోన్‌లో పాత మెయిల్స్ కనపడవేందిరా" అని బాబాయి ఎప్పట్నుంచో గోల పెట్టేది దీనివల్లే, పాపం ఫోన్ తప్పేం లేదు. ఇక పంపిన మెయిల్స్ కాపీలైతే పాప్‌లో సర్వర్‌లో మిగలనే మిగలవు, అవి ఆ ఒక్క సిస్టమ్‌లో అవుట్‌లుక్ మెయిల్స్ దాచుకునే పీఎస్‌టీ ఫైల్‌లోనే ఉంటాయి. అంటే ఏళ్ళ తరబడి కొలంబోకి పంపిన ఇన్వాయిస్‌లన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లో ఒకే ఫైల్‌లో.

అందుకే ముందు ఆ 14 రోజుల టిక్కు తీసేసి, అవుట్‌లుక్ పూర్తిగా మూసేసి, పీఎస్‌టీని బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశా. మామూలుగా డాక్యుమెంట్స్‌లో అవుట్‌లుక్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లో ఉంటది. ఓఎస్‌టీ అని ఇంకో రకం కనపడితే అది సర్వర్‌లో ఉన్నదానికి లోకల్ కాపీ మాత్రమే, దాన్ని ఇంకో సిస్టమ్‌కి మోసుకెళ్ళినా తెరుచుకోదు.

తర్వాత అదే ఐడీని అదే అవుట్‌లుక్‌లో రెండోసారి, ఈసారి ఐమాప్‌గా యాడ్ చేశా. ఎడమ పక్కన రెండు వరసల ఫోల్డర్లు వస్తాయి, ఒకటి పీఎస్‌టీది, ఒకటి సర్వర్‌ది. పీఎస్‌టీలోంచి సర్వర్ ఫోల్డర్లలోకి మెయిల్స్ కాపీ చేసుకుంటూ పోవడమే, కానీ ఇక్కడ ఒకటి జాగ్రత్త, సర్వర్ ఇన్‌బాక్స్‌లో మాత్రం పడెయ్యకండి. పాప్ ఇన్‌బాక్స్‌ని మాత్రమే చూస్తది, అక్కడ మీరు ఎక్కించిన పాత మెయిల్స్‌ని కొత్తగా వచ్చినవే అనుకుని మళ్ళీ దించుకుంటది, ప్రతి మెయిలూ డబులైపోద్ది. మేం 2023, 2024 అని ఏడాదికో ఫోల్డర్ చేసి వాటిలోకి ఎక్కించాం. ముందు చిన్న ఫోల్డర్ ఒకటి ఎక్కించి, వెబ్‌మెయిల్‌లోనూ ఫోన్‌లోనూ తేదీలు సరిగ్గా ఉన్నాయా, అటాచ్‌మెంట్లు తెరుచుకుంటున్నాయా చూసుకోవాలి, కొన్ని సర్వర్లలో అన్నిటికీ ఎక్కించిన రోజు తేదీ పడిపోద్ది. కాపీయే, మూవ్ కొట్టొద్దు. హోస్టింగ్ వాళ్ళు (మన మెయిల్ సర్వర్ నడిపేవాళ్ళు) ఇచ్చిన జాగా ఎంతుందో కూడా ముందే చూసుకోండి, మాకు అన్నీ పట్టవు కాబట్టి ఈ మధ్య ఏళ్ళవి మాత్రం పైకెక్కించి మిగతావి పీఎస్‌టీలోనే వదిలేశా.

కొత్త సిస్టమ్‌లో థండర్‌బర్డ్ పెట్టడం మాత్రం టీ తాగేంత పని. ఐడీ ఇస్తే సెట్టింగ్స్ అదే వెతుక్కుంటది, ఐమాప్ అని, పోర్ట్ 993 అని ఉందో లేదో చూసుకుని ఓకే కొట్టడమే, పంపడానికి 465 గానీ 587 గానీ ఉంటది. పాప్ 995 చూపిస్తే ఒప్పుకోవద్దు, మళ్ళీ మొదటికొస్తాం.

ఆ తర్వాత వచ్చేవన్నీ చిల్లర తలనొప్పులు, కానీ జనం తిట్టేది వీటికే. అవుట్‌లుక్ సెంట్ ఐటమ్స్ అంటది, వెబ్‌మెయిల్ సెంట్ అంటది, చూసుకోకపోతే రెండు ఫోల్డర్లు తయారై పంపిన మెయిల్ ఎక్కడుందో గుమాస్తా గారు రోజూ వెతుక్కోవాలి. థండర్‌బర్డ్ అకౌంట్ సెట్టింగ్స్‌లో కాపీస్ అండ్ ఫోల్డర్స్ అనే చోట ఏ ఫోల్డర్‌లో దాచాలో చెప్పేస్తే సరిపోద్ది. అవుట్‌లుక్‌లో పెట్టుకున్న రూల్స్ (వచ్చిన మెయిల్‌ని దానంతటదే ఫలానా ఫోల్డర్‌లోకి పంపేవి) రావు, ఇక్కడ ఫిల్టర్లుగా మళ్ళీ రాసుకోవాలి. పైగా పాత అవుట్‌లుక్ ఇంకా తెరిచే ఉంటే దాని రూల్స్ అది నడుపుతానే ఉంటది, షిప్పింగ్ మెయిల్ ఇన్‌బాక్స్‌లో కనపడి కళ్ళముందే మాయమైతే దెయ్యమేం కాదు, అదే.

కాంటాక్ట్స్ కూడా ఐమాప్‌తో రావు. సీఎస్‌వీ అనే మామూలు పట్టిక ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఇక్కడ ఇంపోర్ట్ చెయ్యాలి. మా వాటిలో సగం పేర్లు తెలుగులో ఉన్నాయి, రైతుల పేర్లూ ఊళ్ళూ. సరిచేద్దామని ఆ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్న గుర్తులైపోద్ది, సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని వేరే ఆప్షన్ ఉంటది, అదే ఎంచుకోవాలి. ఇంకోటి, టూ దగ్గర రెండక్షరాలు కొడితే వచ్చే అడ్రస్‌లన్నీ కాంటాక్ట్స్‌లో ఉన్నట్టు కాదు, అది అవుట్‌లుక్ విడిగా గుర్తుపెట్టుకునే లిస్టు, దాన్ని నమ్ముకున్నోళ్ళు ముఖ్యమైన పార్టీల ఐడీలు ముందే కాంటాక్ట్స్‌లో వేసుకోవాలి.

పాత సిస్టమ్ తీసెయ్యలేదు. సెండ్ రిసీవ్ గ్రూప్స్‌లో పాప్ అకౌంట్ టిక్కు తీసేసి, ఐమాప్‌గా పెట్టినదాన్ని కూడా ఆపేసి, నెట్ కేబుల్ పీకేసి ఒక మూల పెట్టాం, బాగా పాత బిల్లు ఏదన్నా కావాలంటే అక్కడ తెరిచి చూసుకోవచ్చు. కొత్తదాంట్లో ఇంకా మిగిలింది బ్యాకప్. సర్వర్‌లో ఉన్నాయి కదా అని ధీమాగా ఉంటే కుదరదు, ఫోన్‌లో బాబాయి వేలు తగిలి ఫోల్డర్ డిలీటైతే కొట్లో కూడా పోద్ది. అందుకని వారానికోసారి థండర్‌బర్డ్ మూసి దాని ప్రొఫైల్ ఫోల్డర్ (మెయిల్స్, సెట్టింగ్స్ అన్నీ ఉండేది) మొత్తం హార్డ్ డిస్క్‌లోకి కాపీ చెయ్యమని గుమాస్తా గారికి చూపించా, హెల్ప్‌లో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్‌లోకి పోతే ఆ ఫోల్డర్ ఎక్కడుందో చూపిస్తది. ఆయన శనివారం సాయంత్రం లెక్కలు కట్టాక చేస్తానన్నారు.