లోడర్ టైర్లు ఎంచుకోవడానికి ఐదు వారాలు: నా అనుభవం

మాది అనకాపల్లి వైపు ఒక చిన్న స్టోన్ క్రషర్. క్వారీ నుంచి టిప్పర్లు నల్లరాయి తెచ్చి పోస్తాయి. క్రషర్ దాన్ని 40 ఎంఎం, 20 ఎంఎం కంకరగా, డస్ట్‌గా (రాతి పొడి) విడగొడుతుంది. కుప్పల దగ్గర నుంచి లారీలకు ఎత్తేది ముందు పెద్ద బకెట్ ఉండే మా వీల్ లోడర్. ఉన్నది అదొక్కటే. అది ఆగిందంటే గంటలో లారీలు గేటు బయట దాకా బారులు తీరతాయి, డ్రైవర్లు ఫోన్లు మొదలుపెడతారు.

కిందటేడు జూలైలో, వాన పడుతున్న సాయంత్రం, లోడర్ ముందు కుడి టైరు పక్క గోడ జానెడు పొడవున చీలిపోయింది. ఆ టైరు వేసి నాలుగు నెలలే అయింది. వెయ్యి గంటలు కూడా నడవలేదు. నేలకి ఆనే రబ్బరు బటన్లు ముప్పావు వంతు అలాగే ఉన్నాయి. నేను గొడుగు పట్టుకుని దాని పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాను. మా ఆపరేటర్ బాబాయ్ దిగి వచ్చి, "బాబూ, ఇది అరిగి పోలేదు, కోసుకుని పోయింది. మళ్ళీ అలాంటిదే తెస్తే మళ్ళీ ఇలాగే పోద్ది" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా లోడర్ నడుపుతున్న మనిషి ఆయన. అంతకుముందు కూడా ఈ మాట అనే ఉంటాడు, నేనే వినిపించుకోలేదు.

అప్పటిదాకా టైరు కొనడం అంటే నాకు ఒక ఫోన్ కాల్. సైజు చెప్పడం, రేటు అడగడం, ఆటోలో పంపించమనడం. ఈసారి తాత్కాలికంగా ఒక సెకండ్ హ్యాండ్ టైరు ఎక్కించి, తెలుసుకున్నాకే కొత్తవి కొనాలని నిర్ణయించుకున్నాను. దానికి ఐదు వారాలు పట్టింది.

మొదటి పని షెడ్డు వెనకాల పడేసిన పాత టైర్లు చూడటం. తొమ్మిది ఉన్నాయి. బాబాయ్, నేను, పంచర్ పని చేసే కుర్రాడు కలిసి ఒక్కొక్కటి పొర్లించి లోపలా బయటా చూసి, ఎందుకు పోయిందో సుద్దముక్కతో దాని మీదే రాశాం. ఆరు కోతలతో పోయాయి, అందులో నాలుగు పక్క గోడ మీదే. రెండింటికి బయట గాయమే లేదు. లోపల చెయ్యి పెడితే మాత్రం నల్లటి రబ్బరు పొడి రాలింది, దారాలు తేలిపోయి ఉన్నాయి. అంటే గాలి తక్కువతో నడిచి, గోడలు మడతపడి మడతపడి, వేడెక్కి పోయినవి. నిజంగా అరిగి నున్నగా అయిన టైరు ఒకే ఒక్కటి. అన్నేళ్ళుగా నేను ఏ కంపెనీ టైరు ఎక్కువ అరగదో అడిగి కొంటున్నాను. మా టైర్లేమో అరగడం వల్ల చావడమే లేదు.

డీజిల్ రిజిస్టర్‌లో రోజూ హవర్ మీటర్ రీడింగ్ రాసే అలవాటు మా నాన్నగారి కాలం నుంచి ఉంది. దాన్ని పట్టుకుని లెక్క వేస్తే సగటున ఒక టైరు 1,400 గంటలు నడిచింది. టైరు 42 వేలు, అంటే గంటకి 30 రూపాయలు. ఈ 30 చేతిలో ఉండబట్టే తర్వాత షాపుల్లో ఎవరేం చెప్పినా తూకం వేసుకోగలిగాను.

వెళ్ళిన మొదటి షాపులో 16 ప్లై తీసేసి 20 ప్లై వేయించుకోమన్నారు. 20 ప్లై అంటే లోపల 20 పొరలు ఉంటాయని నేనూ అనుకునేవాణ్ణి. కాదు. నూలు దారంతో టైర్లు కట్టే కాలంలో పుట్టిన బలం కొలత అది. ఇప్పటి నైలాన్‌తో అంతకంటే తక్కువ పొరలతోనే ఆ బలం వస్తుంది. ప్లై పెరిగితే ఎక్కువ గాలి పట్టి ఎక్కువ బరువు మోస్తుంది. మా టైర్లు బరువు మోయలేక పోతే కదా! ఆ షాపులోనే ఇంకో సంగతి కళ్ళారా చూశాను. నాకు చూపించిన టైరు పక్కన నాలుగు అంకెల తేదీ కోడ్ ఉంటుంది కదా, మొదటి రెండు వారం, చివరి రెండు ఏడాది. అది నాలుగేళ్ళ కిందటిది. ఎండ పడే చోట షాపు గోడకి ఆనించి ఉంచారు, టైరు పక్క గోడల మీద సన్నటి పగుళ్ళు. తగ్గింపు ఇస్తానన్నారు. వద్దని వచ్చేశాను.

రెండో చోట రేడియల్ వేయమన్నారు. 17.5-25 అని మధ్యలో గీత ఉంటే నైలాన్ టైరు, 17.5ఆర్25 అని ఉంటే రేడియల్. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము కొలత, రెండూ అంగుళాల్లోనే. రేడియల్ మంచిదే. ట్రెడ్ (నేలకి ఆనే బటన్ల పొర) కింద స్టీలు బెల్టులు ఉంటాయి కాబట్టి కింద నుంచి పొడిచే రాయిని బాగా తట్టుకుంటుంది, వేడి తక్కువ, కుదుపు తక్కువ. కానీ దాని పక్క గోడ మెత్తగా ఉంటుంది, బరువు పడితే బయటికి ఉబ్బుతుంది. మాకు సుద్దతో రాసి ఉన్న కోతల్లో ఎక్కువ పక్క గోడల మీదే. నైలాన్ టైరులో ట్రెడ్ కింద ఎన్ని పొరలో గోడలోనూ దాదాపు అన్ని పొరలు ఉంటాయి. అందుకే రేడియల్ వైపు వెళ్ళలేదు. లోడుతో దూరం పరిగెత్తే బండికైతే అదే కొనేవాణ్ణి.

విశాఖలో ఒక పాత డీలరు దగ్గర అసలు విషయం తెలిసింది. ఆయన నన్ను రేటు అడగనివ్వలేదు. "మీ బండి బకెట్ నింపుకుని ఎంత దూరం వెళ్తుందండీ?" అని అడిగారు. నాకు తెలియదు. "కొలిచి రండి" అన్నారు. మర్నాడు టేపు పట్టుకుని కొలిచాను. దూరంగా ఉన్న డస్ట్ కుప్ప నుంచి లారీ నిలబడే చోటుకి 60 మీటర్లు. మిగతావన్నీ 30, 40 లోపే.

ఆ అంకె ఎందుకు కావాలంటే, లోడర్ టైర్లకు ఎల్-2, ఎల్-3, ఎల్-4, ఎల్-5 అని అంతర్జాతీయంగా ఒక వరస ఉంది. ఎల్-2 బురదలో పట్టు కోసం. ఎల్-3 నుంచి రాతి నేలకి. ఎల్-3 ట్రెడ్ లోతుని 100 అనుకుంటే ఎల్-4 150, ఎల్-5 250. అంటే ఎల్-5లో రెండున్నర రెట్లు రబ్బరు. రాయి పొడిచినా దారాల దాకా చేరడానికి చాలా దూరం. గోడలు కూడా మందం. అయితే అంత రబ్బరు లోపల పుట్టే వేడిని బయటికి వదలదు. వేగంగా, దూరంగా నడిపితే లోపల ఉడికి పొరలు విడిపోతాయి. కోతని తట్టుకునే రబ్బరు మిశ్రమం వేరు, వేడిని తట్టుకునేది వేరు. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. టైరు మీద రాసే లోడర్ బరువు లెక్క కూడా గంటకి 10 కిలోమీటర్ల వేగం, ఒక వైపు సుమారు 75 మీటర్ల దూరం అనుకుని వేసిందే. మా 60 మీటర్లు అందులో ఇమిడిపోయింది.

ఎల్-5 ధర 80 వేలు చెప్పారు. దాదాపు రెట్టింపు. మా బావగారు వెంటనే, "నాలుగు నెలల్లో 42 వేలు పోగొట్టుకున్నావు, ఇప్పుడు 80 వేలు పోగొట్టుకుంటావా?" అన్నారు. కోపం రాలేదు, ఆయన భయంలో న్యాయం ఉంది. రిజిస్టర్ ముందు పెట్టి లెక్క చూపించాను. 80 వేలని 30తో భాగిస్తే 2,667. ఆ టైరు 2,667 గంటలు నడిస్తే పాత ఖర్చుతో సమానం, ఆపైన నడిచే ప్రతి గంటా మిగులే. మధ్యలో బండి ఆగకపోవడం వల్ల వచ్చేది ఇందులో కలపలేదు. ఆయన కాసేపు చూసి ఒప్పుకున్నారు, కానీ ముందు వైపు రెండే మార్చమన్నారు.

నా ఆలోచనా అదే. బకెట్ నిండగానే బరువంతా ముందు ఇరుసు మీద పడుతుంది, కోతలు ఎక్కువగా ముందు టైర్లకే. కానీ మెకానిక్ ఒప్పుకోలేదు. మా లోడర్ నాలుగు చక్రాలకీ ఎప్పుడూ డ్రైవ్ ఉండే బండి. ఎల్-5 టైరు ఎత్తు మా పాత ఎల్-3 కంటే దాదాపు రెండు అంగుళాలు ఎక్కువ. పైగా వెనక ఉన్నవి సగం అరిగినవి. ముందు చక్రాలు ఒక చుట్టుకి ఒక దూరం, వెనకవి ఇంకో దూరం పోతుంటే ఆ తేడా అంతా గేర్‌బాక్సు, ఇరుసుల మీద పడుతుంది. "టైర్ల దగ్గర మిగిల్చింది డిఫరెన్షియల్‌కి పెడతారు" అన్నాడు. చుట్టుకొలతలు టేపుతో కొలిచి చూస్తే ఆయన చెప్పింది నిజం. నాలుగూ తీసుకోవాల్సిందే. మూడు లక్షల ఇరవై వేలు! రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. సగం అప్పు తెచ్చాను.

టైర్లు వచ్చిన రోజు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ పనిలో ప్రాణాలు పోతాయి. ఈ సైజు రిమ్ములు ఒకే ముక్కగా ఉండవు, లాక్ రింగుతో బిగించే ముక్కల రిమ్ములు. గాలి ఉన్నప్పుడు ఆ రింగు తన గాడిలో నుంచి జారితే బయటికి ఎగిరి వస్తుంది. ఎదురుగా మనిషి ఉంటే ఇంకేం మిగలదు. వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం పోయిందని చూసుకున్నాకే బోల్టులు వదులు చేయాలి. ఎక్కించేటప్పుడు రింగు, గాడి తుప్పు గీకి శుభ్రం చేయాలి, పగులు కనిపిస్తే ఆ రింగు పారేయాలి. గాలి కొట్టేటప్పుడు ఇనప పంజరంలో పెట్టాలి, క్లిప్పుతో పట్టుకునే పొడవు పైపు వాడాలి, మనిషి పక్కకి నిలబడాలి. పంచర్ కుర్రాడికి పంజరం లేదు, ఎప్పుడూ కాలితో తొక్కిపెట్టి గాలి కొట్టేవాడు. వెల్డింగ్ షాపులో మందం పైపులతో ఒకటి చేయించి, అది వచ్చేదాకా పని ఆపించాను. ఒక రోజు పోయింది. ఆ కుర్రాడికి పెళ్ళై ఆరు నెలలు. ఒక రోజు లోడింగ్ పోతే పోయింది.

టైర్లు ఎక్కాక గాలి సంగతి. కంపెనీ చార్టు ప్రకారం మా బరువుకి ముందు టైర్లలో 60 పీఎస్ఐకి పైగా ఉండాలి. పాతవాటిలో 40 దగ్గర ఉండేదని అప్పుడు తెలిసింది. "తక్కువ గాలి ఉంటే బండి మెత్తగా పోద్ది" అని రాత్రి షిఫ్టు వాళ్ళు వదిలేసేవారట. తక్కువైతే గోడ ఉబ్బి రాయికి దొరుకుతుంది, లోపల వేడెక్కుతుంది. మరీ ఎక్కువైతే టైరు బిగుసుకుని రాయి తగలగానే తెగుతుంది. ఇప్పుడు సోమవారం, గురువారం పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు గేజి పెట్టి రిజిస్టర్‌లో రాస్తున్నాం. పనిలో వేడెక్కిన టైరుకి గేజి పెడితే ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే మళ్ళీ మొదటికొస్తాం.

బాబాయ్ ఇంకో మాట చెప్పాడు, దాని విలువ నాలుగు టైర్ల కంటే తక్కువ కాదు. తడిసిన రబ్బరుని రాయి తేలిగ్గా కోస్తుంది. నీళ్ళు నూనెలా పనిచేస్తాయి. వానాకాలంలో, నీళ్ళు నిలిచిన గుంటలో కనపడకుండా ఉన్న రాయి మీదే మా టైర్లు ఎక్కువ పోయాయి. జూలైలో పోయిందీ అక్కడే. అందుకని లోడింగ్ చోటంతా చదును చేసి, నీళ్ళు ఒక పక్కకి పోయేలా వాలు పెట్టి, డస్ట్ పరిచి తొక్కించాం. రోజూ షిఫ్టు మొదట్లో పది నిమిషాలు బకెట్ కిందికి దించి జారిపడిన రాళ్ళు ఊడ్చేస్తారు. కుప్పలోకి దూరేటప్పుడు చక్రం తిరిగిపోయేదాకా తొక్కొద్దని, బకెట్ ఎత్తితే ముందు చక్రాలకి పట్టు వస్తుందని బాబాయే కొత్త కుర్రాళ్ళకి నేర్పుతున్నాడు.

మొదటి వారం రాత్రి షిఫ్టు వాళ్ళు నడుం నొప్పి అన్నారు. నిజమే, ఎల్-5 గట్టిగా ఉంటుంది, ఖాళీ బండి కుదుపుతుంది. సీటు స్ప్రింగు మార్పించాను. ఇంతకుముందు ఆదివారాలు లోడర్‌ని ఒకటిన్నర కిలోమీటరు దూరంలోని క్వారీకి పంపేవాళ్ళం. అది మానేశాం, ఆ పని ఇప్పుడు మా జేసీబీ చేస్తుంది. జేసీబీకి మాత్రం ఎల్-5 ఆలోచనే చేయలేదు. అది రోజూ రోడ్డు మీద అద్దె పనులకు ఊళ్ళు తిరిగే బండి, దానికి మామూలు 16.9-28, 12 ప్లై వెనక టైర్లే.

మా అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో 2022లో యోకోహామా వాళ్ళ ఆఫ్ హైవే టైర్ల (లోడర్లలాంటి బండ్ల టైర్లు) ఫ్యాక్టరీ మొదలైంది. ఆ రోడ్డు మీద ఎన్నోసార్లు వెళ్ళాను. లోపల ఏం తయారవుతుందో ఒక్కసారీ ఆలోచించలేదు. ఇప్పుడు ఏ బండి పక్కన నిలబడినా కళ్ళు ముందుగా టైరు గోడ మీది అక్షరాల మీదకే పోతాయి.

నిన్నటికి నాలుగు టైర్లూ 2,910 గంటలు నడిచాయి. ముందు కుడి టైరు మీద అరచేయంత కోత ఒకటి పడింది, దారాల దాకా దిగలేదు. మట్టి దూరకుండా శుభ్రం చేసి ప్యాచ్ వేయించాం. ట్రెడ్ సగానికి పైగా మిగిలే ఉంది. పోయిన నెల ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చాం, పంజరంలో పెట్టే. షెడ్డు వెనకాల పదో టైరు ఇంకా చేరలేదు.