నది నీలంగానే ఉండాలట

పదకొండు దాటింది. లైటు తీసేసి పడుకున్నదాన్ని మళ్లీ లేచి వచ్చి కూర్చున్నాను. "పొద్దున్న రాసుకోవచ్చుగా" అన్నారు మా ఆయన. పొద్దున్నకి మనసు సర్దుకుపోతుంది. సర్దుకోకముందే రాయాలి.

నేను బొమ్మలు వేస్తున్న పిల్లల పుస్తకం, పడవ తాత కథ సంగతే. బొమ్మలన్నీ పంపేసి హాయిగా ఉన్నాను కదా, ఇవాళ మధ్యాహ్నం పేజీ పేజీకీ మార్పులు రాసి తిప్పి పంపారు ఎడిటర్ గారు. మనవరాలి రిబ్బన్లు బాగున్నాయట. మేకపిల్ల చాలా బాగుందట. పద్నాలుగు, పదిహేను పేజీలు కలిపి నది మొత్తం కనిపించేలా వేసిన పెద్ద బొమ్మ దగ్గర మాత్రం, "నీళ్లు నీలంగా మార్చండి మేడమ్. ఇది మట్టిరోడ్డులా ఉంది, పిల్లలు నది అనుకోరు" అని.

మట్టిరోడ్డు!

కథ జరిగేదే శ్రావణంలో. గోదావరికి ఎర్రనీరు వచ్చింది కాబట్టే తాత పడవని ఒడ్డుకి లాగి రావిచెట్టుకి కట్టేస్తాడు. అందుకే పిల్ల అలుగుతుంది, అందుకే మేకపిల్ల అవతల లంకలో ఉండిపోతుంది. నీళ్లు నీలంగా, నిదానంగా ఉంటే తాత వెళ్లి దాన్ని తెచ్చేసేవాడు, రెండో పేజీకే కథ అయిపోయేది. కథ ఆమోదించినవాళ్లకి ఈ మాట తట్టకపోతే ఎలా? ఇంతకుముందు కూడా ఇంతే. వరికుప్పకి పుట్టగొడుగు ఆకారం ఉండాలన్నారు, పూరిల్లు లేకపోతే పల్లెటూరు కాదన్నారు. అవన్నీ ఊరుకున్నాను. నదిని ముట్టుకుంటే ఊరుకోబుద్ధి కావట్లేదు.

ఆ రంగు నేను బల్ల దగ్గర కూర్చుని ఊహించింది కాదు. కిందటేడు వరద అప్పుడే మొదలైంది. ధవళేశ్వరంలో ఇంకా మొదటి హెచ్చరిక కూడా ఇవ్వలేదు, అక్కడ 11.75 అడుగులకి చేరితేగానీ ఇవ్వరు. రాజమండ్రి కోటిలింగాల రేవు మెట్ల మీద గొడుగు కింద కూర్చుని వేశాను. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి ఎక్కడెక్కడి మట్టినో కడిగి తెచ్చి ఇందులో కలుపుతాయి. రోడ్డు మీంచి చూస్తే అంతా ఒకటే ఎరుపు. మెట్లు దిగి చూస్తే అలా ఉండదు. సుడి తిరిగేచోట ఊదా ఛాయ, మెట్లని ఒరుసుకుంటూ పోయేచోట పసుపు, మేఘం పక్కకి జరిగితే మధ్యలో వెండిలాంటి ఒక పట్టీ. బర్న్ట్ సియెన్నా ఎక్కువ, యెల్లో ఆకర్ తక్కువ, నీడలకి ఒక చుక్క అల్ట్రామెరీన్ కలిపితే దగ్గరకొచ్చింది. సీసాలో తెచ్చుకున్న నీళ్లు అయిపోయి కుంచె నదిలోనే ముంచాను. ఆ పేజీని వేలితో తడిమితే ఇప్పటికీ సన్నటి ఒండ్రు గరగరమంటుంది.

"ఫోన్లో ఫొటో తీసుకుపోయి ఇంట్లో ఫ్యాను కింద వేసుకోవచ్చు కదమ్మా" అని రేవులో కనీసం ఒక్కరైనా అంటారు. తీసి చూశాను. ఫోను ఆ ఎరుపుని చప్పగా, బూడిదరంగుకి దగ్గరగా చేసేస్తుంది. పైగా ఫొటోలో ప్రవాహం ఆగిపోయి ఉంటుంది. నా ముందునుంచి గుర్రపుడెక్క దుబ్బులు ఎంత వేగంగా కొట్టుకుపోయాయో చూశాను కాబట్టే, తాత పడవ తాడుని అంత బిగించి వేయగలిగాను.

అసలు ఈ రంగు మీద నాకింత పట్టుదల ఎందుకంటే, నేను మొట్టమొదట బొమ్మ వేసింది దీంతోనే. 1986 ఆగస్టు వరద. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన ఏడు. అమ్మమ్మవాళ్లది గోదావరి మధ్య లంక ఊరు. వరద తీసేశాక అమ్మతో వెళ్లాను. ఇంట్లోకి అడుగు పెడితే చీలమండ దాకా మెత్తటి ఒండ్రు. గోడ మీద నా తలకన్నా ఎత్తులో నీళ్లు నిలిచిన గీత, గీటుబద్ద పెట్టి గీసినంత తిన్నగా. బావి నీళ్లు తాగడానికి లేవు. అమ్మమ్మ చిల్లగింజని రాతి మీద అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపి మూతపెట్టేది. "కదపకండర్రా" అని కేకేసేది. నేను పక్కనే గొంతుక్కూర్చుని మూత కొంచెం జరిపి చూస్తూ ఉండేదాన్ని. మొదట ఎర్రగా, కాసేపటికి పైన మబ్బుగా, ఆ తర్వాత బిందె గోడకున్న సొట్ట కూడా కనిపించేంత తేటగా. పై నీళ్లు వంచేసుకున్నాక అడుగున వేలెడు మందాన వెన్నలాంటి ఎర్రమట్టి మిగిలేది. ఆ మట్టిని వేళ్లకి రాసుకుని, అప్పుడే కడిగిన అరుగు మీద పడవలు వేశాను. కడిగిన అరుగంతా పాడుచేశానని పెద్దమ్మ తిట్టింది. అమ్మమ్మ మాత్రం వచ్చి చూసి, "పడవకి చుక్కాని ఏదే?" అంది. కూర్చుని తనే వేలితో వేసి చూపించింది. తెడ్డు ఎక్కడుంటుంది, చుక్కాని ఎక్కడుంటుంది, వాలుకి పోయేటప్పుడు మనిషి ఎటు నిలబడతాడు, అన్నీ. అక్షరాలు రాయడం రాని మనిషి.

ఇప్పటికీ నా బొమ్మల్లో పడవకి చుక్కాని ఉంటుంది. అది కూడా తీసెయ్యమంటారేమో తెలియదు.

బళ్లలో పిల్లలతో బొమ్మలు వేయించడానికి వెళ్లినప్పుడు "గోదావరి వెయ్యండి" అంటాను. తొంభై పాళ్లు రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద నీలం నది. ఆ పిల్లలు రోజూ ఆటోలో గోదావరి గట్టు మీంచి బడికొస్తారు. పాపికొండల దగ్గరైతే కొండల మధ్య నది నిజమే, కానీ రాజమండ్రిలో కొండలెక్కడివి? 1997 దాకా రైళ్లు నడిచిన హేవ్‌లాక్ వంతెన అంత పొడుగున కళ్లముందే ఉంది, ఒక్కరూ వెయ్యరు. కళ్లు చూసినదాన్ని చెయ్యి నమ్మట్లేదు, ఎందుకంటే పుస్తకంలో అలా లేదు. ఆ పుస్తకాలు వేసేది మాలాంటివాళ్లమే కదా. చిత్రకారుడు దామెర్ల రామారావు ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో 1925లో పోయాడు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఇచ్చిన ప్రోత్సాహంతో, బొంబాయి జేజే స్కూల్లో చదువుకుని కూడా, ఇక్కడి మనుషుల్నీ ఇక్కడి నదినీ వేశాడు. ఆయన గ్యాలరీ ఉన్న ఊళ్లో ఉంటూ నేను నీలం సీసా తియ్యాలా?

ఇంతదాకా రాసి, లేచి వెళ్లి సాయంత్రం తీయించిన ప్రింటు మళ్లీ చూశాను. మ్యాప్‌లిథో కాగితం సిరాని పీల్చేస్తుంది. నా ఎరుపు నాలుగు రంగుల చుక్కలు కలిస్తే వచ్చేది, అది చదునుగా, ముదురుగా దిగింది. గట్టు, చెట్టు మొదలు, నీళ్లు మూడూ ఒకే జాతి రంగులు కావడంతో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. చిన్నదాన్ని పిలిచి చూపించి ఉంటే ఏమనేదో. ఎడిటర్ గారు చూసింది నా వాటర్ కలర్ కాదు, ఇది. ఆవిడ కంగారులో న్యాయం ఉంది. పుస్తకం కొనేవాళ్ల చేతికి వెళ్లేదీ ఇదే. మధ్యాహ్నం నుంచి ఆవిడ మీద ఉన్న కోపం ఇక్కడికి వచ్చేసరికి సగమైంది.

పైగా నీలం అబద్ధమేమీ కాదు. నా పాత స్కెచ్‌బుక్కుల్లో మాఘమాసం పేజీలన్నీ నీలమే, ఒండ్రంతా దిగిపోయాక పొద్దున పూట గోదావరి నిజంగా అలాగే ఉంటుంది. ఆ నీలం నాకు ఇష్టం కూడా. ఈ కథకి మాత్రం అది పనికిరాదు.

కాబట్టి బొమ్మ మళ్లీ వేస్తాను. నది ఎరుపు ఎరుపే. గట్టుని మారుస్తాను, శ్రావణంలో గరిక ఎలాగూ పచ్చగా ఉంటుంది, ఆ పచ్చ పక్కన ఎరుపు విడిగా తెలుస్తుంది. నీళ్ల మీద గుర్రపుడెక్క, కొట్టుకొచ్చిన ఒక దుంగ, దాని మీద కొంగ. వెండిపట్టీ దగ్గర కాగితాన్ని తెల్లగానే వదిలేస్తాను. ఇవన్నీ ఉంటే ఏ పిల్లా రోడ్డు అనుకోదు. దాంతోపాటు రేవులో వేసిన ఒరిజినల్ పేజీ స్కాన్ చేసి పంపి, నాలుగు ముక్కలు మర్యాదగా రాస్తాను. పడవలాయన ఆ పేజీ చూసి "నా పడవేనండి ఇది, అంచు చీలింది కూడా ఏసేశారు" అన్న సంగతి కూడా రాయాలి. ఆ రోజంతా ఆ మాటతోనే గడిచింది నాకు.

అప్పటికీ నీలమే కావాలంటే కథని మాఘమాసానికి మార్చమని రచయిత్రిని అడగమంటాను. స్కానింగ్ షాపు పదింటికి గానీ తియ్యడు, ఈలోపు గట్టు రఫ్ ఒకటి వేసి ఉంచుకోవాలి.