చిల్లర బేరం పోయి టోకు బేరం వస్తే?

అందరికీ నెలనెలా ఊరికే డబ్బులిస్తే జనం సోమరిపోతులవుతారా అన్న చర్చ విని విని విసుగొచ్చేసింది. ఈ సార్వత్రిక కనీస ఆదాయం (యూబీఐ) గురించి నా డౌట్ వేరే. ఆ డబ్బు అందుకున్న మనిషి ఓటరుగా ఏమవుతాడు, ఇచ్చే ప్రభుత్వం ఏమవుతుంది?

మొదటిదానికి జవాబు బాగానే ఉంది. పేదల్ని ఏరి ఇచ్చే పథకాల్లో జాబితాలో పేరు ఎక్కించేవాడు, కొట్టేసేవాడు ఒకడు మధ్యలో ఉండనే ఉంటాడు. కాగితాల కట్ట పట్టుకుని వాడి ముందు నిలబడి, నేను నిజంగానే పేదవాణ్ణండీ అని నిరూపించుకున్న మనిషి మర్నాడు వాడి పార్టీ మీద నోరు విప్పుతాడా? షరతుల్లేకుండా అందరికీ అంటే ఆ మధ్యవాడికి పనే ఉండదు. ఫిన్లాండ్ 2017, 2018లో 2,000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు అలా ఇచ్చి చూసింది. ఉద్యోగాల లెక్కలో తేడా అంతంతమాత్రమే, కానీ తోటి మనుషుల మీద, కోర్టుల మీద, ఆఖరికి రాజకీయ నాయకుల మీద కూడా వాళ్లకి మిగతా నిరుద్యోగుల కంటే నమ్మకం ఎక్కువ కనబడింది. అమెరికాలో ఈస్టర్న్ చెరోకీ తెగ 1990ల నుంచి తమ కసీనో లాభాలను సభ్యులకు పంచుతోంది. అక్కడ పెద్దవాళ్ల ఓటింగ్ ఏమీ మారలేదు గానీ, పేద ఇళ్లలో ఆ డబ్బుతో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఎక్కువగా ఓటేశారు. (వచ్చే ఎన్నిక దాకానే చూపు ఆనే నాయకుడికి ఇది పట్టదనుకోండి.)

టెన్షనల్లా రెండో ప్రశ్నతోనే.

అమెరికా రాష్ట్రం అలాస్కా 1982 నుంచి చమురు సొమ్ముతో పెట్టిన నిధి రాబడిలోంచి ఏటా పిల్లాపెద్దా అందరికీ డివిడెండ్, అంటే రాబడిలో వాటా, ఇస్తోంది. బతకడానికి చాలదు కాబట్టి అచ్చమైన యూబీఐ అనలేం. 2016లో చమురు ధర పడి బడ్జెట్‌కు గండి పడితే, మనిషికి 2,000 డాలర్లు దాటి రావాల్సిన చెక్కును గవర్నర్ బిల్ వాకర్ 1,022కి దించారు. ఐదుగురున్న ఇంటికి ఒక్క సంతకంతో ఐదు వేల డాలర్లు పోయినట్టు. 2018లో పోటీ మధ్యలోనే ఆయన తప్పుకున్నారు, పూర్తి డివిడెండుతో పాటు కోసింది కూడా తిరిగిస్తానన్న మైక్ డన్‌లీవీ గెలిచారు. ఆ మరుసటి ఏడే యూనివర్సిటీ నిధుల్లో 13 కోట్ల డాలర్లు కోసి, గొడవయ్యాక కొంత వెనక్కి తగ్గారు. రాష్ట్రంలో ఆదాయపు పన్ను 1980లోనే ఎత్తేశారు కదా, మరి ఎక్కడో ఒకచోట కోయాల్సిందే.

అంటే ఒక్కో ఇంటితో చేసే చిల్లర బేరం పోయి, రాష్ట్రం మొత్తంతో ఒకేసారి టోకు బేరం మొదలవుతుంది. ఇది కొంచెం మెరుగే, ఒప్పుకుంటాను. నువ్వు ఎవరికి ఓటేశావని ఎవడూ నీ ఒక్కడి డబ్బు ఆపలేడు. కానీ ఎన్నికంతా చెక్కు ఎంత అన్నదాని చుట్టూనే తిరిగితే బడి, ఆసుపత్రి, కోర్టు గురించి అడిగే గొంతు వినపడదు.

అందుకే నాకు డబ్బు ఇవ్వాలా వద్దా అన్నదానికన్నా దాని మొత్తాన్ని ఎవరు కదిలించగలరన్నదే ముఖ్యం. అలాస్కాలో అది ఏటా చట్టసభ, గవర్నర్ల ఇష్టమేనని 2017లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇరాన్‌లో అయితే 2010లో మనిషికి నెలకు 4,55,000 రియాల్స్ అన్నారు, ధరలతో పాటు పెరిగే ఏర్పాటు లేదు, ఎవరూ కోత పెట్టకుండానే ద్రవ్యోల్బణం దాన్ని తినేసింది. కాబట్టి మొత్తం ఎంతో లెక్కగట్టే సూత్రం, ధరలతో ముడి, రెండూ రాజ్యాంగంలోనే ఉండాలంటాను.

స్విట్జర్లాండ్‌లో 2016 జూన్‌లో ఈ ఆదాయం మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు ప్రచారంలో నెలకు 2,500 ఫ్రాంకులన్నారు గానీ ప్రతిపాదనలో అంకె రాయలేదు, తర్వాత చట్టం తేలుస్తుందన్నారు. దాదాపు 77 శాతం మంది వద్దన్నారు. నేనక్కడ ఓటరునైతే, ఈ ఆలోచన ఇంత నచ్చినా సరే, ఆ ఒక్క ఖాళీ చూసి వద్దనే ఓటేసేవాణ్ణి.