రెండేళ్లు కదలని కారు

తిరుపతిలో కారు పెట్టి విదేశాలకు వెళ్తున్నవాళ్లకు ఒక్క మాట. "వారానికోసారి స్టార్ట్ చెయ్యి నాన్నా" అని ఇంట్లో చెప్పి వెళ్లకండి. ఐదు నిమిషాలు ఆన్ చేసి ఆపితే బ్యాటరీ నుంచి పోయినంత చార్జి కూడా తిరిగి ఎక్కదు, సైలెన్సర్‌లో నీరు నిలిచి తుప్పు పడుతుంది. పదిహేను రోజులకోసారి రేణిగుంట రోడ్డు మీద అరగంట తిప్పేవాళ్లుంటే సరే. లేదంటే బ్యాటరీ నెగటివ్ తీగ విప్పేసి, బండి స్టార్ట్ చేయకుండా వదిలేయడమే మేలు.

వెళ్లేముందు ఇంజన్ ఆయిల్ మార్చండి. ట్యాంకు నిండా పెట్రోలు పోయించండి. ఖాళీ జాగాలో తేమ చేరితే ఇథనాల్ కలిసిన పెట్రోలు దాన్ని పీల్చుకుంటుంది. టైర్లలో గాలి మామూలుకన్నా 5 పీఎస్‌ఐ ఎక్కువ ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ మాత్రం వద్దు, బ్రేక్ షూలు డ్రమ్ముకు అతుక్కుపోతాయి. ఫస్ట్ గేరులో పెట్టి చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టండి.

నవంబరు వానలు మన ఊళ్లో ఎలా ఉంటాయో 2021లో చూశాం కదా, సెల్లార్‌లో అస్సలు పెట్టొద్దు. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ పడుతుంది, గాలాడే కవరే కొనండి. ఎలుకలు వైర్లు కొరక్కుండా నెలకోసారి బానెట్ ఎత్తి చూసే మనిషి కావాలి.

ఇన్సూరెన్స్ ఆపకండి. గడువు దాటి 90 రోజులైతే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) మొత్తం పోతుంది.