అర్జెంట్ లోడ్ల కోసం చిన్న కంటైనర్ బండి: ఎంచుకోవడం, కట్టించుకోవడం, నా అనుభవం

అర్జెంట్ లోడు అంటే ఏ లోడో ముందు చెప్పేస్తా, లేకపోతే బండి ఇలా ఎందుకు కట్టించానో అర్థం కాదు. చీమకుర్తి క్వారీలో కంప్రెసర్ మొరాయిస్తుంది. లేదా ఉలవపాడు వైపు రొయ్యల చెరువు మీద నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల గేర్‌బాక్సులు పోతాయి, రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. కావాల్సిన సామానేమో చెన్నైలో ఉంటుంది. పార్శిల్ ఆఫీసులో వేస్తే లారీ నిండేదాకా అక్కడే పడి ఉంటుంది, అంతదాకా ఆగితే నష్టం బాడుగ కంటే ఎక్కువ, అందుకని ఒక్క పెట్టె కోసం బండి మొత్తం మాట్లాడుకుంటారు. కిలోల లెక్క కాదు, బండి లెక్క.

మాది ఒంగోలు. ఇదే పని చాలాకాలం వేరేవాళ్ల ఓపెన్ బండి మీద చేశాను కాబట్టి టైం ఎక్కడ పోతుందో కళ్లారా చూశాను. చెన్నైకి 300 కిలోమీటర్లు అటూ ఇటూ, హైవే బాగుంటుంది, సరుకు బండికి స్పీడ్ గవర్నర్ ఎలాగూ 80 దగ్గర ఆపేస్తుంది. అంటే ఎంత పెద్ద ఇంజిన్ కొన్నా రోడ్డు మీద మిగిలేది ఏమీ లేదు. టైం పోయేది పట్టా కట్టే దగ్గర, తాళ్లు బిగించే దగ్గర, దింపడానికి మనుషులు దొరక్క నిలబడే దగ్గర, బిల్లు కోసం గేటు బయట కూర్చునే దగ్గర. అందుకే షోరూముల్లో హార్స్‌పవర్ గురించి చెబుతుంటే నేను టేపు తీసి తలుపులు కొలుచుకుంటూ ఉన్నా.

సైజు విషయంలో చాలా ఊగిసలాడాను. గ్రాస్ వెయిట్, అంటే బండీ లోడూ కలిపి, 3,000 కిలోలు దాటని బండికి పర్మిట్ అక్కర్లేదు, అది పెద్ద ఆకర్షణ, కొత్తగా దిగేవాళ్లు ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు. కానీ ఆ సైజులో డెక్కు, అంటే లోడు వేసే జాగా పొడవు, 8 అడుగులు, కొంచెం అటూ ఇటూ. సామాను పెట్టి పంపే చెక్క ప్యాలెట్ మామూలుగా 1200 బై 1000 మిల్లీమీటర్లు, 8 అడుగుల్లో రెండే పడతాయి. 10 అడుగులైతే మూడు. ఆ మూడో ప్యాలెట్ దగ్గరే నాకు లెక్క తేలింది, ఎందుకంటే దారిలో నెల్లూరులో దిగే ఇంకో చిన్న లోడు కలుపుకోవచ్చా లేదా అన్నది ఆ జాగా మీదే ఉంటుంది. లైసెన్స్ గురించి కూడా భయపెట్టారు, నీది ఎల్‌ఎమ్‌వీ (తేలికపాటి బండ్ల లైసెన్స్) కదా, ఇన్సూరెన్స్ చెల్లదు అని. 7,500 కిలోల లోపు రవాణా బండి ఎల్‌ఎమ్‌వీ లైసెన్స్ మీద నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ అదే ఖాయం చేసింది. ఇంకా వాదించేవాళ్లు ఉన్నారు, వాదించుకోనివ్వండి.

చివరికి సెకండ్ హ్యాండ్ టాటా 407 తీసుకున్నా, 10 అడుగులది, డీజిల్, బీఎస్ 6 (కొత్త పొగ నిబంధనల బండి). ఈ మోడల్ 1986 నుంచి రోడ్డు మీద ఉంది, మన జిల్లాలో ఏ ఊళ్లో ఆగినా దాని మీద చేయి వేసే మెకానిక్ ఉంటాడు. అర్ధరాత్రి గుడ్లూరు దగ్గర బండి ఆగితే ఏ బ్రాండు గొప్పదన్న చర్చ పనికిరాదు, పార్టు దొరకాలి.

బండి చూడ్డానికి ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రీని తీసుకెళ్లాను. "అబ్బాయ్, ఇంజిన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టు" అన్నాడు. బీఎస్ 6 బండికి డీపీఎఫ్ అని ఒక ఫిల్టర్ ఉంటుంది, మసి అందులోనే ఆగుతుంది, కాబట్టి గొట్టం లోపల శుభ్రంగా ఉండాలి. వేలికి నల్లగా మసి అంటిందంటే ఫిల్టర్ పగిలిందన్నా అనుకోవాలి, ఎవడో కోసి తీసేశాడన్నా అనుకోవాలి. మేము చూసినవాటిలో అలాంటిదీ ఒకటి తగిలింది, ధర మాత్రం చవగ్గా చెప్పాడు ఓనరు. "వద్దు భాయ్" అని వచ్చేశాం. ఇంకో సంగతి, ఈ ఫిల్టర్‌లో మసి కాలాలంటే బండి కాసేపు ఒకే ఊపులో పరిగెత్తాలి, ఊళ్లో ఆగి ఆగి తిరిగే బండికి అది తొందరగా నిండుతుంది, హైవే మీద తిరిగే మన పనికి ఆ బాధ తక్కువ. గేటు ముందు గంటలకొద్దీ ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఏసీ కింద పడుకుంటే మాత్రం నిండుతుంది, అందుకే నేను క్యాబిన్‌లో బ్యాటరీ ఫ్యాన్ పెట్టుకున్నా.

తమిళనాడు బండ్లు కొంచెం తక్కువకే వస్తాయి. అక్కణ్ణుంచి ఫారం 28 ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ ట్యాక్సు, మళ్లీ నంబరు. నాకు ఆ తిరుగుడు వద్దనిపించి ఏపీ బండే చూసుకున్నా. పేరు మారడానికి 29, 30 ఫారాలు, ఫైనాన్స్ తీరినట్టు 35, పాత చలానాలు, క్వార్టర్ ట్యాక్సు బాకీ, ఇవన్నీ చూశాకే డబ్బు చేతిలో పెట్టా. చెన్నై వెళ్లాలి కాబట్టి నేషనల్ పర్మిట్.

ఇక బాక్సు. బండి ఓపెన్ బాడీతో వచ్చింది, దాన్ని తీసేసి క్లోజ్డ్ బాడీ కట్టించాలి. బాడీ మారిస్తే ఆర్‌సీలో మారాలి, దానికి ముందే ఆర్టీఓ అనుమతి ఉండాలి, ఇన్సూరెన్స్‌లో కూడా అదే రాయించాలి. ఒక షాపువాడు "కట్టేశాక చూసుకుందాంలే అన్నా" అన్నాడు. ఆ మాట నచ్చక ఇంకో షాపుకి వెళ్లాను.

ఇనుప రేకుతో కడితే చవక, గట్టిది, కానీ బరువు. ఆ బరువు మొత్తం మనం వేసుకునే లోడులోంచే పోతుంది, ఓవర్‌లోడు రాస్తే చట్టంలో 20,000 రూపాయలు, ఆపైన టన్నుకి 2,000. పైగా మనది ఉప్పుగాలి. సముద్రం పక్కన చెరువు కట్టల మీద తిరిగే బండికి ఇనుము అప్పడంలా పొరలు లేస్తుంది. అందుకని ఫ్రేమ్ మాత్రం ఇనుముతో వేయించి రెండుసార్లు ప్రైమర్ కొట్టించి, పక్కలకీ పైకీ అల్యూమినియం రేకు, కింద వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ మీద అల్యూమినియం చెకర్డ్ షీటు. పూర్తయ్యాక కాటా వేయించి ఖాళీ బరువు కాగితం తీసుకున్నా, లోడు ఒప్పుకునేటప్పుడు ఆ కాగితమే నా లెక్క.

ఎత్తు లోపల ఆరున్నర అడుగులే పెట్టించా. ఏడు పెట్టించుకో, జాగా కలిసొస్తుంది అన్నారు గానీ, నెల్లూరులో రైలు కట్ట కింద అండర్ బ్రిడ్జిల్లో దూరాలంటే ఆ అర అడుగే అడ్డం వస్తుంది, చుట్టూ తిరిగి పోవడానికి అర్ధగంట పడుతుంది.

నేను ఎక్కువ బుర్రపెట్టింది తలుపు దగ్గర. మూసిన బాక్సుకి ఒక పెద్ద ఇబ్బంది ఉంది, ఓపెన్ బండి వాళ్లకు అది తెలియదు. క్వారీల్లో, ప్లాంటుల్లో ఫోర్క్‌లిఫ్ట్ ఉండదు, హైడ్రా క్రేన్ ఉంటుంది, అదేమో పైనుంచి దింపుతుంది, మన బాక్సుకి పైకప్పు. హైడ్రా వాడు మోటారుని తలుపు అంచు మీద పెట్టి వెళ్లిపోతాడు, అక్కణ్ణుంచి లోపలికి లాక్కోవడం మన పని. అందుకని తలుపు అంచున మందమైన ఇనుప ప్లేటు వేయించా, బరువంతా అక్కడే పడుతుంది కాబట్టి. ముందు గోడ అడుగున, రేకుకి కాకుండా కింద అడ్డంగా ఉండే ఇనుప క్రాస్ మెంబరుకే, ఒక కొక్కెం వెల్డింగ్ చేయించి చేత్తో తిప్పే వించి తగిలించా. పైపు ముక్కలు నాలుగు కింద పెట్టి వించి తిప్పితే ఎంత మొండి కంప్రెసర్ అయినా మెల్లగా లోపలికి వచ్చేస్తుంది, దింపేటప్పుడు అదే వించితో వదులుకుంటూ రావచ్చు. ప్యాలెట్లని చేత్తో లాగే హ్యాండ్ ప్యాలెట్ ట్రక్కు ఒకటి ఎప్పుడూ లోపలే కట్టి ఉంటుంది. వెనక సామాను ఎత్తి దింపే హైడ్రాలిక్ టెయిల్ లిఫ్ట్ పెట్టించుకోమన్నారు, ఖర్చు సరే, దాని బరువు చూసి మానుకున్నా.

వెనక తలుపులు పూర్తిగా తిరిగి పక్క గోడకి ఆనేలా కీళ్లు పెట్టించాలి, సగం తెరుచుకునే తలుపుతో ప్లాట్‌ఫారానికి ఆనించలేం. ఎడమ పక్క ఒక చిన్న తలుపు కూడా పెట్టించా. పెద్ద సామాను వెనక కదలకుండా ఉండగానే మందుల పెట్టెలు పక్కనుంచి దింపేసి వెళ్లిపోవచ్చు. గోడల వెంట సామాను కట్టడానికి రెండు వరుసల లాషింగ్ రింగులు, బిగించడానికి ర్యాచెట్ బెల్టులు, రబ్బరు షీట్లు, పాత దుప్పట్లు, లోపల ఎల్‌ఈడీ లైటు. తలుపుల రబ్బరుకి మాత్రం పిసినారితనం చేయకండి, తుఫాను వానలో హైవే మీద వెళ్తుంటే నీళ్లు కిందనుంచి కూడా కొడతాయి.

కాగితాల టైం కూడా బండి టైమే. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం), అందులో బండి నంబరు ఎక్కించాలి, దూరం 200 కిలోమీటర్ల లోపైతే ఒక రోజు చెల్లుతుంది, ఆపైన ప్రతి 200కి ఇంకో రోజు. "మీరు బయల్దేరండి, దారిలో ఉండగా పంపిస్తాం" అనే పార్టీలు ఉంటాయి. నంబరు ఎక్కిన బిల్లు ఫోన్‌లోకి వచ్చేదాకా నేను తాళం తిప్పను, ఆ ఆలస్యానికి హాల్టింగ్ చార్జీ ఉంటుందని బేరం అప్పుడే చెప్పేస్తా. మొదట్లో మొహం మాడ్చుకుంటారు, తర్వాత బిల్లు ముందే రెడీగా ఉంటుంది.

చెరువుల్లో రొయ్యలు పట్టే రోజుల్లో వాటిని ఐసు పెట్టెలతో వేసుకెళ్లమని అడుగుతారు, డబ్బు మంచిదే. ఉప్పునీళ్లు కారే లోడు ఈ బాక్సులో వేయను, మర్నాడు మోటారు వేసుకోవాల్సిన నేల అది. హేచరీ నుంచి వచ్చే రొయ్యపిల్ల మాత్రం రాత్రిపూట, ఆక్సిజన్ కొట్టిన బ్యాగులు అట్టపెట్టెల్లో వస్తాయి కాబట్టి ఆలోచిస్తున్నా, కానీ రేకు బాక్సు వేడికి ఆ పిల్ల తట్టుకోదు, లోపల వేడిని ఆపే పఫ్ ప్యానెల్ వేయాలి, వేస్తే వెడల్పు తగ్గుతుంది. ప్రస్తుతానికి పైకప్పుకి తెల్ల పెయింట్ కొట్టించి వదిలేశా, ప్యానెల్‌కి కొలతలు ఇచ్చి ఉన్నా, రేటు చెప్పాక చూస్తా.